గోడమీది నాచు చెప్పే గాలి కబురు

నాలుగు వానలు పడితే చాలు, దొడ్డిగోడమీద, తులసికోట పక్కన పచ్చటి మఖమల్ పరిచినట్టు నాచు పుట్టుకొస్తుంది. చీపురూ, బ్లీచింగ్ పౌడరూ పట్టుకుని దాని వెంట పడటం మనకు అలవాటే! నీళ్ళతొట్టి దగ్గర కాలు జారే పాచి వేరు, దాన్ని గీకి పారెయ్యాల్సిందే. గోడమీద చిట్టి చిట్టి ఆకులతో మెత్తగా గుంపుగా పెరిగే నాచు మాత్రం నిజమైన మొక్క. మనం పీల్చే గాలి ఎలాంటిదో అది చెబుతుందంటే నమ్ముతారా?

మన గులాబీ మొక్క వేళ్ళతో మట్టిలోంచి నీరు తాగుతుంది. నాచుకు అలాంటి వేళ్ళు లేవు. గోడను పట్టుకోవటానికి సన్నటి నూలుపోగుల్లాంటివి ఉంటాయంతే. వానతో, మంచుతో, దుమ్ముతో వచ్చిందాన్నే ఆకులతో పీల్చుకుని బతుకుతుంది. ఆ ఆకులు చాలావరకు ఒకే పొర కణాలతో ఉంటాయి. మామిడాకు మీద ఉండే నున్నటి మైనంపూత లాంటి రక్షణ వాటికి లేనట్టే. అందుకే గాలిలో ఏముంటే అది తిన్నగా లోపలికి పోతుంది.

దీనివల్ల కొన్నిచోట్ల నాచు చచ్చిపోతుంది. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ దానికి విషం. ఇంగ్లండులో మాంచెస్టరు చుట్టుపక్కల మిల్లుల పొగకు దగ్గరి కొండలమీది స్ఫాగ్నమ్ అనే నాచు చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. స్పాంజిలా నీళ్ళు పట్టి ఉంచే నాచు అది. అది పోయేసరికి నేల బోసిపోయి, మట్టి కోసుకుపోయింది. 1952 డిసెంబరులో లండన్‌లో పొగమంచు వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, 1956లో గాలి శుభ్రత కోసం చట్టం చేశారు. కాలక్రమేణా ఆ పొగ తగ్గాక, నగరాల్లో చెట్ల బెరళ్ళమీద నాచు మళ్ళీ కనిపించింది.

మరికొన్నిచోట్ల నాచు చావదు, విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో 2013లో శాస్త్రవేత్తలు వీధి చెట్ల మీది నాచును 346 చోట్ల సేకరించి పరీక్షించారు. రంగుటద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీల దగ్గరి నాచులో కాడ్మియం ఎక్కువగా కనబడింది. గాజుకు ఎరుపు, పసుపు రంగులు తెచ్చే లోహం అది. పీలిస్తే మూత్రపిండాలు చెడతాయి, కేన్సర్ కూడా రావచ్చు. అక్కడ ఒక ఫ్యాక్టరీకి దగ్గర్లోనే పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉంది! 2016లో ఈ సంగతి బయటపడగానే ఆ ఫ్యాక్టరీలు కాడ్మియం వాడకం ఆపాయి. పెరటి కూరగాయలు తినవద్దని చుట్టుపక్కలవాళ్ళకు చెప్పి, మట్టి పరీక్షలయ్యాక ఫరవాలేదన్నారు. అన్నాళ్ళూ ఎవరి ముక్కుకూ తెలియని సంగతి నాచుకు తెలిసిందన్నమాట.

అలాగని మీ గోడమీది నాచు ఎండిపోగానే కంగారు పడకండి. వేసవిలో ముడుచుకుని గోధుమరంగుకు తిరగటం, తొలకరికి మళ్ళీ పచ్చబడటం దాని సహజం. పచ్చగా ఉంది కదా అని గాలి మంచిదనీ అనుకోకండి. దాని కడుపులో ఏముందో లేబొరేటరీలో చూస్తేగాని తెలీదు.

మనం చెయ్యగలిగింది ఒకటుంది. పాలిథిన్ కవర్లు, పాత టైర్లు, వాడేసిన బ్యాటరీలు చెత్తలో వేసి తగలబెట్టకండి, పనివాళ్ళనూ తగలబెట్టనివ్వకండి. కొన్ని రకాల బ్యాటరీల్లో కాడ్మియం ఉంటుంది. ఆ పొగ నాచుతో ఆగిపోదు, పక్కనే ఆడుకునే మన పిల్లల ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. ఇక కాలు జారే ప్రమాదం లేనిచోట పెరిగిన నాచునంటారా, దాని మానాన దాన్ని ఉండనివ్వండి!