ఇంట్లో ఈతకొలను... కట్టించే ముందు

విల్లా ప్లాను గీయించుకునేటప్పుడు కొండాపూర్ వైపు వినిపిస్తున్న మాట: 'పనిలో పనిగా చిన్న పూల్ కూడా పెట్టేద్దామా?' పిల్లలు ఎగిరి గంతేస్తారు. నీళ్లలో శరీరం బరువు కీళ్ల మీద అంతగా పడదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న నానమ్మకూ మంచిదే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లకు వారానికి కావాల్సిన 150 నిమిషాల వ్యాయామం ఇంట్లోనే దొరుకుతుంది. ఇవన్నీ నిజాలే. అయితే ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే ఆలోచన అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో సుమారు నాలుగోవంతు అయిదేళ్లలోపు పసివాళ్లే. సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ, కేకలు వేస్తూ మునగరు. ఊపిరి కోసమే అల్లాడుతుంటే ఇక అరిచేదెలా? మీరు ఫోన్ ఎత్తి రెండు మాటలు మాట్లాడేలోగా చడీచప్పుడు లేకుండా అయిపోతుంది.

అందుకే కొలనుకు నాలుగువైపులా కంచె ఉండాలి. ఇంటి గోడను ఒకవైపు కంచెగా లెక్కపెట్టొద్దు. ఎత్తు కనీసం 4 అడుగులు, ఊచల మధ్య సందు 4 అంగుళాలకు మించకూడదు. గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి, ఆ గడియ పిల్లల చేతికి అందకూడదు. హాల్లోంచి అద్దం తలుపు తీస్తే నేరుగా నీళ్లే కనిపించే డిజైన్లు ఫొటోల్లో బాగుంటాయి. పసిపిల్లలున్న ఇంటికి అంతకన్నా చెడ్డ డిజైన్ లేదు.

మునిగిన బిడ్డను బయటికి తీశాక కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మనవాళ్లకు అలవాటు. అది విలువైన నిమిషాలను తినేస్తుంది. శ్వాస లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, వెంటనే ఛాతీ నొక్కడం (సీపీఆర్) మొదలుపెట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కొలను కట్టే ఇంట్లో పెద్దలందరూ సీపీఆర్ నేర్చుకోవాల్సిందే. పనమ్మాయి, డ్రైవర్ కూడా.

ఇక నీళ్ల సంగతి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతున్న కొలనుకు 22 వేల లీటర్లకు పైగా పడుతుంది. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర. ఎండాకాలం రోజుకు అర సెంటీమీటరు ఆవిరైనా 90 లీటర్లు పోయినట్టే. 2024 వేసవిలో బోర్లు ఎండి ఇక్కడి అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు మరిచిపోలేదు కదా! అదే వేసవిలో బెంగళూరులో ఈతకొలనులకు తాగునీరు వాడకూడదని అక్కడి జలమండలి ఏకంగా నిషేధమే పెట్టింది.

డాబా మీద పెట్టాలనుకునే వాళ్లకు ఇంకో లెక్క. 4 అడుగుల లోతు నీరు చదరపు మీటరుకు 1,200 కిలోల బరువు. మామూలు ఇళ్ల స్లాబులను 150-200 కిలోల భారానికే లెక్కగడతారు. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకుండా ముందుకెళ్లొద్దు.

కట్టాక రోజూ చేయాల్సిన పని క్లోరిన్, పీహెచ్ పరీక్ష. క్లోరిన్ కనీసం 1 పీపీఎం, పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. మన బోరు నీళ్లు గట్టివి కావడంతో టైల్స్ మీద తెల్లగా పేరుకుంటుంది, పీహెచ్ కూడా పెరుగుతూ ఉంటుంది. అది పెరిగితే క్లోరిన్ బలం తగ్గుతుంది. ఘాటు వాసన వస్తే శుభ్రంగా ఉందని మురిసిపోకండి. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిస్తే వచ్చే వాసన అది. కళ్లు ఎర్రబడతాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది. విరేచనాలు పట్టుకున్న పిల్లల్ని అస్సలు దింపకూడదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ నీళ్లలోనూ రోజుల తరబడి బతుకుతుంది. క్లోరిన్ పొడిని, యాసిడ్‌ను ఒకేచోట కలిపితే విషవాయువు వస్తుంది, వేర్వేరుగా దాచాలి. వానాకాలంలో వాడక వదిలేస్తే అదే కొలను దోమల తొట్టి, డెంగీకి ఆహ్వానం.

గచ్చిబౌలి స్టేడియంలో 2002 జాతీయ క్రీడల నాటి ఈతకొలను ఉంది. చాలా గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌస్‌లలోనూ ఉన్నాయి. ముందు ఒక వేసవంతా ఇలాంటి చోటుకు, శిక్షకుడి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లండి. మీరూ దిగండి. జూన్ దాటాక కూడా వారానికి మూడు రోజులు మానకుండా వెళ్తున్నారంటే అప్పుడు ఆర్కిటెక్టుకు ఫోన్ చేయండి.