క్రియాటినిన్ ఒక్కటే కాదు.. గుండెనూ కనిపెట్టాలి

పలాస: ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు అరుదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో చదువు రానివారు సైతం రక్తపరీక్ష చీటీలో ఆ అంకెను గుర్తుపడతారు. అయితే కిడ్నీ పాడైనప్పుడు రక్తంలో పేరుకునేది అదొక్కటే కాదు. ఏడీఎంఏ అనే మరో పదార్థమూ పెరుగుతుంది. మామూలు పరీక్షల్లో దాని ఊసే ఉండదు. హాని మాత్రం గుండెకు, రక్తనాళాలకు.

మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లాల్లో ఆర్జినిన్ ఒకటి. దానికి రెండు మిథైల్ తోకలు తగిలితే ఏడీఎంఏ అవుతుంది. పాతబడిన మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడు అది రక్తంలోకి చేరుతుంది. అసలు ఆర్జినిన్ నుంచి శరీరం నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసుకుని రక్తనాళాలను సడలిస్తుంది. ఏడీఎంఏ ఆర్జినిన్ వేషంలో వచ్చి ఆ తయారీని అడ్డుకుంటుంది. ఫలితంగా నాళాలు బిగుస్తాయి, రక్తపోటు పెరుగుతుంది.

దీనిని విరిచే ఎంజైము పేరు డీడీఏహెచ్. జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక కిడ్నీ నుంచి దీనిని వేరుచేసి 1989లో వివరాలు ప్రకటించారు. మూత్రంలో పోయే ఏడీఎంఏ కొంతే. అధిక భాగాన్ని ఈ ఎంజైమే విడగొడుతుంది. ఇది కాలేయంలోనూ, కిడ్నీలోని సూక్ష్మనాళికల కణాల్లోనూ ఉంటుంది. ఉద్దానం వ్యాధి ముఖ్యంగా దెబ్బతీసేది ఆ నాళికలనే. అలాగని ఎంజైము లోపమే వ్యాధికి మూలమని భావించరాదు. అసలు కారణం ఇంకా తేలలేదు. కిడ్నీ దెబ్బతిన్నాక జరిగే నష్టమిది.

కిడ్నీ విఫలమైనవారిలో ఏడీఎంఏ పేరుకుంటున్నట్లు 1992లో లండన్ పరిశోధకులు గుర్తించారు. డయాలసిస్ రోగుల్లో అది ఎక్కువగా ఉన్నవారికి గుండె జబ్బులు, మరణాల ముప్పు అధికమని 2001లో ఇటలీ అధ్యయనం తెలిపింది. డయాలసిస్‌తో అది పూర్తిగా పోదు. ఎంజైమును పెంచే మందు వాడుకలోకి రాలేదు.

ఉద్దానం వ్యాధి తొలిదశలో చాలామందికి రక్తపోటు పెరగదు. దీంతో 'నాకు బీపీ లేదు' అన్న ధీమా మిగిలిపోతుంది. వ్యాధి ముదిరాక అది చెల్లదు. క్రియాటినిన్‌తోపాటు రక్తపోటునూ తరచూ చూపించుకోవాలి. ఉప్పుచేప, పచ్చళ్లు తగ్గించాలి. పొగాకు మానాలి. ఒళ్లునొప్పులకు సొంతంగా బిళ్లలు మింగరాదు.

టెక్కలి, పలాస, సోంపేట కేంద్రాల్లో డయాలసిస్ చేయించుకునేవారు ఛాతీనొప్పి, ఆయాసం వస్తే 'కిడ్నీ జబ్బే కదా' అనుకుని తదుపరి విడత వరకు ఆగకుండా, ఆ పూటే వైద్యుడి వద్దకు వెళ్లాలి.