గుమ్మటం పక్కన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్: మీకు తెలుసా?

దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లోనో సమతాలోనో దిల్లీ వెళ్లే మనవాళ్లు దిగే హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ పక్కనే ఒక కాలనీ ఉంది, నిజాముద్దీన్ ఈస్ట్. దేశ విభజనలో ఇల్లూవాకిలీ పోగొట్టుకుని వచ్చిన కుటుంబాల కోసం వెలసింది. ఒకవైపు హుమాయూన్ సమాధి, ఇంకోవైపు కవి రహీం ఖాన్-ఇ-ఖానా సమాధి. ఇలాంటి చోట రెండు పడగ్గదుల ఫ్లాట్ అమ్మకానికి వస్తే ధర అడిగే ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఇల్లు మీదే అయినా, పడగొట్టి కట్టే హక్కు ఉండకపోవచ్చు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు దిల్లీలో 170కి పైగా ఉన్నాయి. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం ఒక్కోదాని చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ దూరాన్ని గుమ్మటం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి కొలుస్తారు. అందుకే సమాధి కంటికి కనబడని సందులోని ఇల్లు కూడా ఆ గీత లోపలికి రావచ్చు. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటిని అనుమతి తీసుకుని బాగుచేయించుకోవచ్చు. కూల్చి కొత్తది కడతామంటే కుదరదు. మీరితే రెండేళ్ల వరకూ జైలు, లేదా లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. ఈ నియమాన్ని గుదిబండగా చూసేవాళ్లే ఎక్కువ. నా మట్టుకు నాకు ఆ ఇంటికున్న పెద్ద ఆస్తి అదే. మీ పడగ్గది కిటికీకి అడ్డంగా రేపు పది అంతస్తుల భవనం లేవదు.

హుమాయూన్ సమాధి ఆవరణే ఒకప్పుడు వేలమందికి ఇల్లు. 1947లో అక్కడా, పురానా ఖిలాలోనూ శరణార్థుల శిబిరాలు నడిచాయి. 1993లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది ఈ సమాధి ఆవరణే.

నేల రాష్ట్రపతి పేరిట ఉండొచ్చు. దిల్లీలో ప్రభుత్వం వేసిన చాలా పాత కాలనీల్లో స్థలాలను లీజుకే ఇచ్చారు, లీజు ఇచ్చింది రాష్ట్రపతి పేరిట. రుసుము కట్టి పూర్తి హక్కుకు, అంటే ఫ్రీహోల్డ్‌కు మార్చుకునే వీలు 1992లో వచ్చింది. అందరూ మార్చుకోలేదు. ఆ కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

జీపీఏ మీద కొన్నది కొన్నట్టు కాదు. లీజు చిక్కులు తప్పించుకోవడానికి దిల్లీలో దశాబ్దాల పాటు పవర్ ఆఫ్ అటార్నీ మీదే ఇళ్లు చేతులు మారాయి. దానివల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో, సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది. కావాల్సింది రిజిస్టరైన సేల్ డీడ్. దానితో పాటు వెనకటి లింకు డాక్యుమెంట్లన్నీ.

న్యూఢిల్లీ తొలి అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఖాన్ మార్కెట్ దగ్గరి సుజాన్ సింగ్ పార్క్. 1945లో కాంట్రాక్టర్ శోభా సింగ్ కట్టించారు, నమూనా గీసింది ఆర్కిటెక్ట్ వాల్టర్ జార్జ్. శోభా సింగ్ కొడుకు, రచయిత ఖుష్వంత్ సింగ్ 2014లో కన్నుమూసే వరకూ అక్కడే ఉన్నారు.

షాజహానాబాద్‌లో, అంటే పాత దిల్లీలో, ఇంటితో పాటు కిరాయిదారునీ కొనాల్సిరావచ్చు. 1958 నాటి అద్దె నియంత్రణ చట్టం, నెలకు 3,500 రూపాయలు దాటని పాత అద్దెలకు ఇంకా రక్షణ ఇస్తోంది. అలాంటి ఇంట్లో ఎవరున్నారో, ఎన్నేళ్లుగా ఉన్నారో స్వయంగా వెళ్లి కనుక్కోండి.

ఇల్లాలి పేరిట రిజిస్టర్ చేస్తే స్టాంపు డ్యూటీ తక్కువ. పురుషులతో పోలిస్తే తేడా 2 శాతం. కోట్లలో పలికే చోట లక్షలు మిగులుతాయి.

మేడ మీది డాబా మీది కాకపోవచ్చు. దక్షిణ దిల్లీలో ఒక్కో అంతస్తును విడిగా అమ్ముతారు, బిల్డర్ ఫ్లోర్ అంటారు. డాబా హక్కు, నేలలో వాటా, కారు నిలిపే చోటు ఎవరివో సేల్ డీడ్‌లో రాసి ఉండాలి. ఎండాకాలం సాయంత్రాలు గుమ్మటం కనబడే డాబా కోసమే ఆ ఇల్లు కొంటున్నవాళ్లు, సంతకానికి ముందు ఆ వాక్యాన్ని వేలుపెట్టి చూపించమని అడగాలి.