విద్యుత్ పనిముట్లు – గృహస్థులు తెలిసికొనవలసిన సంగతులు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దల సామెత. కట్టిన యింటికి సైతము పని ఎన్నటికిని తీరదు. గోడకు పుస్తకముల బల్ల బిగింపవలెను. ఊడిన గొళ్ళెమును మరల అమర్పవలెను. వానకాలమున ఉబ్బిన తలుపు అంచును సరిచేయవలెను. పూర్వము ఇట్టి పనులకు వడ్రంగి వచ్చి, ఉలి, బాడిస, చేతి బరమాలతో నెరవేర్చి పోవుచుండెను. నేడు విద్యుత్ డ్రిల్లు, గ్రైండరు మొదలగు పనిముట్లు సామాన్యులకు సైతము సులభముగా లభించుచున్నవి. అందువలన స్త్రీ పురుషులు పలువురు తమ యింటి పనులను తామే చేసికొనుచున్నారు. ఇది మెచ్చదగిన విషయమే. కాని వడ్రంగికి ఏండ్ల తరబడి శిష్యరికమువలన అబ్బిన జాగ్రత్త, కొన్న యంత్రముతో పాటు పెట్టెలో రాదు. దానిని గృహస్థుడు వేరుగా అలవరచుకొనవలెను.

వేగమే బలము, వేగమే ప్రమాదము

విద్యుత్ డ్రిల్లు నిన్న మొన్నటిది కాదు. 1889 లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఆర్నట్, బ్రెయిన్ అను నిద్దరు దీనికి పేటెంటు పొందిరి. చేత పట్టుకొని వాడదగిన డ్రిల్లును 1895 లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఫైన్ సోదరులు నిర్మించిరి. తుపాకి వలె పిడియు, మీటయు గల డ్రిల్లుకు 1917 లో అమెరికాలో పేటెంటు లభించెను. నేడు మనము వాడునది ఆ రూపముననే యున్నది.

చేతి పనిముట్టుకును దీనికిని గల ముఖ్య భేదము వేగము. ఉదాహరణకు, మన అంగళ్ళలో దొరకు నాలుగు అంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. అనగా దాని డిస్కు అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పరుగెత్తుచుండును. మనుష్యుడు ప్రమాదమును కనిపెట్టి చేతిని వెనుకకు లాగుకొనుటకు సుమారు సెకనులో ఐదవవంతు కాలము పట్టును. ఆ లోపల డిస్కు 36 చుట్లు తిరిగి యుండును. చేతి రంపము జారిన చర్మము గీరుకొనును. ఇది జారిన వ్రేలు తెగిపోవును. కావున "ప్రమాదము వచ్చినప్పుడు తప్పించుకొందును" అను ధైర్యము ఇచ్చట పనికిరాదు. రక్షణ అంతయు స్విచ్చి నొక్కుటకు ముందే సిద్ధమై యుండవలెను. ఈ వ్యాసమునకు సారము ఇదియే.

ఏ పనికి ఏ పనిముట్టు?

కొనుటకు ముందు, తన యింట ఏ పనులు తరచుగా వచ్చునో గృహస్థుడు ఆలోచించుకొనవలెను. ఇటుక గోడకు రంధ్రములు వేయుటకు ఇంపాక్ట్ డ్రిల్లు చాలును. కాంక్రీటు స్లాబునకు, దూలములకు అది చాలదు. రోటరీ హామరు అను యంత్రము కావలెను. చాలని యంత్రమును బలవంతముగా అదిమినచో బిట్టు విరుగును, చేయి మెలిపడును. గోడకు, కొయ్యకు, ఇనుమునకు బిట్లు వేరువేరుగా నుండును. 6 మిల్లీమీటర్ల రావల్ ప్లగ్గు బిగింపవలెనన్న 6 మిల్లీమీటర్ల బిట్టునే వాడవలెను.

మరమేకులు బిగించుట, పలుచని కొయ్యకు రంధ్రములు వేయుట మొదలగు తేలిక పనులకు బ్యాటరీ డ్రిల్లు ఉత్తమము. నిచ్చెనపై నిలిచి పనిచేయునప్పుడు త్రాడు కాలికి చుట్టుకొను భయముండదు. దాని బ్యాటరీని పరుపుపై నుంచి చార్జి చేయరాదు. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు.

గ్రైండరు సంగతి వేరు. ఏడాదికి ఒకటి రెండు ఇనుప ఊచలు కోయుటకు గ్రైండరు కొనవలసిన అవసరము లేదు. చేతి హాక్సా రంపము చాలును. ఎక్కువ పని యున్నచో పనివానిని పిలుచుటయే మేలు. తప్పక కొన్నచో, దాని రేకు కవచమును ఏ కారణముచేతను ఊడదీయరాదు. పెద్ద డిస్కు పట్టించుటకై కవచము తీయుట మన దేశమున తరచుగా కానవచ్చు దురలవాటు. అంగడిలోని కోత డిస్కులు సామాన్యముగా సెకనునకు 80 మీటర్ల అంచు వేగము వరకే తట్టుకొనునట్లు చేయబడును. నాలుగంగుళముల గ్రైండరునకు ఏడంగుళముల డిస్కు బిగించినచో ఆ వేగము 100 మీటర్లు దాటును. అప్పుడు డిస్కు పగిలి ముక్కలు తుపాకి గుండ్ల వలె ఎగురవచ్చును. కొయ్య కోయు పండ్ల చక్రమును గ్రైండరునకు బిగించుట కూడ ఇంతటి ప్రమాదమే. అది కొయ్యలో చిక్కుకొన్న క్షణమున యంత్రమంతయు వెనుకకు ఎగిరి వాడువాని మీదికి వచ్చును.

విద్యుత్తుతో జాగ్రత్త

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. పనిముట్టుపై చదరములో చదరము గుర్తు ఉన్నచో దానికి రెండు వరుసల ఇన్సులేషన్ కలదని అర్థము. ఆ గుర్తు లేనిచో మూడు పిన్నుల ప్లగ్గును, సరియైన ఎర్తును తప్పక యుండవలెను. తీగకును, ప్లగ్గునకును ఐ.ఎస్.ఐ. ముద్ర గలదేమో చూచుకొనవలెను. ప్లగ్గు లేనప్పుడు తీగల కొనలను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగించుట పలుచోట్ల కనబడును. ఇంతకు మించిన అవివేకము లేదు.

యింటి మీటరు పెట్టెలో ఎం.సి.బి. ఉన్నదని నిశ్చింతగా నుండరాదు. అది తీగలు కాలిపోకుండ కాపాడును గాని మనిషిని కాపాడజాలదు. మనిషిని కాపాడునది ఆర్.సి.సి.బి. అను సాధనము. ఇది వెళ్ళిన విద్యుత్తును, తిరిగివచ్చిన విద్యుత్తును సరిపోల్చుచుండును. మనిషి శరీరము గుండా కొంత భూమిలోనికి పోయినచో, ఆ తేడాను పసికట్టి సెకనులో కొద్ది భాగములోనే ప్రవాహమును ఆపివేయును. యింటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ని తెలిసిన ఎలక్ట్రీషియనుచేత పెట్టించుకొనవలెను. నెలకొకమారు దానిపైనున్న పరీక్ష మీటను నొక్కి చూడవలెను.

గోడకు రంధ్రము వేయునప్పుడు స్విచ్చి బోర్డుకు నేరుగా పైనను, క్రిందను, ప్రక్కలను వేయరాదు. ఆ దారినే గోడలోపల తీగలు పోవుచుండును. స్నానపు గదికి ఆవలి వైపున నీటి గొట్టములు ఉండవచ్చును.

కన్ను, చేయి, ఊపిరి, చెవి

కన్నులకు: ఇనుప రవ్వ, ఇటుక ముక్క కంటిలో పడుటకు రెప్పపాటు చాలును. చూపునకై పెట్టుకొను అద్దములు ప్రక్కలనుండి వచ్చు రవ్వలను ఆపజాలవు. ప్రక్కలను కూడ మూయు రక్షణ కళ్ళద్దములు ధరింపవలెను. చూచుచు నిలిచిన బిడ్డలకు గూడ ఇదే ప్రమాదము కలదు. వారిని గది బయటనే యుంచవలెను.

చేతులకు: డ్రిల్లు వాడునప్పుడు చేతి తొడుగులు, ఉంగరములు, గాజులు ఉండరాదు. తిరుగు బిట్టు వానిని చుట్టుకొని వ్రేళ్ళను లాగివేయును. పమిట, చున్నీ, లుంగీ కొంగు, విడిచిన జుట్టు గట్టిగా ముడివేసికొనవలెను. బిట్టు మార్చుటకు ముందు ప్లగ్గు తీయవలెను. స్విచ్చి ఆపిన చాలదు. కోయు వస్తువును చేత పట్టుకొనక, బిగింపు చట్రములో బిగింపవలెను.

ఊపిరికి: గ్రానైటు, టైల్సు, కాంక్రీటు కోసినప్పుడు లేచు ధూళిలో సిలికా కలదు. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను నయముకాని వ్యాధిని కలిగించును. ముక్కునకు కట్టుకొన్న చేతిరుమాలు ఆ సన్నని ధూళిని ఆపదు; ఎన్-95 మాస్కు కావలెను. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులను యంత్రముతో కోయనేరాదు. పాత తలుపుల రంగును యంత్రముతో రుద్దునప్పుడు మరియొక భయము కలదు. యింటి రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగులలో సీసము ఎక్కువగా నుండవచ్చును. ఆ ధూళి పసిబిడ్డల మెదడునకు హాని చేయును. కావున పాత రంగును తడిపి చేతితో రుద్దుటయే క్షేమము.

చెవులకు: దినమునకు 8 గంటలు వినదగిన శబ్దము 85 డెసిబెళ్ళు. ప్రతి 3 డెసిబెళ్ళు పెరిగిన కొలది ఆ కాలము సగమగుచు వచ్చును. 100 డెసిబెళ్ళ శబ్దమునకు 15 నిమిషములే గడువు. గ్రైండరు శబ్దము ఇంచుమించు ఇంతటిదే. చెవులకు బిరడాలు గాని, మూతలు గాని పెట్టుకొనవలెను.

ప్రమాదము జరిగినచో

కంటిలో దుమ్ము పడినచో నలుపక, శుభ్రమైన నీటితో కడుగవలెను. రవ్వ గ్రుడ్డులో గ్రుచ్చుకొన్నచో దానిని లాగరాదు, కడుగరాదు, అదుమరాదు. చిన్న కాగితపు గిన్నెను కంటిపై బోర్లించి, ఆసుపత్రికి వెంటనే పోవలెను.

గాయమునుండి నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి యుంచవలెను. కాఫీ పొడి, పసుపు వేయరాదు. వ్రేలు తెగిపడినచో దానిని పారవేయరాదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో నుంచి మూతిగట్టి, ఆ సంచిని మంచు ముక్కలు కలిపిన నీటిలో ఉంచవలెను. తెగిన వ్రేలికి మంచు నేరుగా తగులరాదు. త్వరగా తీసికొని పోయినచో శస్త్రవైద్యులు దానిని మరల అతుకగల అవకాశము కలదు. ధనుర్వాతపు టీకా సంగతి వైద్యుని అడుగవలెను.

విద్యుద్ఘాతము తగిలినవానిని చేతితో తాకరాదు. మొదట మెయిన్ స్విచ్చి ఆపవలెను. తెలివిలేక, శ్వాస ఆడనిచో, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 సార్లు గట్టిగా అదుముచుండవలెను. 112 కు గాని, తెలుగు రాష్ట్రములలో 108 కి గాని వెంటనే ఫోను చేయించవలెను.

పనిముట్టు మనిషికి సేవకుడు. అయితే అది కండ్లు లేని సేవకుడు. కొయ్యకును, వ్రేలికిని అది భేదమెరుగదు. ఆ భేదమెరిగి మెలగవలసినవాడు యజమానియే. స్విచ్చి నొక్కుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి, కళ్ళద్దములు, కవచము, తీగ, దుస్తులు, ప్రక్కనున్న బిడ్డలు – ఈ ఐదింటిని చూచుకొన్నచో, బల్లయు గోడకు నిలుచును, దానిని బిగించిన చేయియు చల్లగా నుండును.