కథ నడుపువాని సంచి

అమెరికాదేశమున 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. బల్లచుట్టు చేరినవారిలో ఒకరు కథ నడుపుదురు. తక్కినవారు తలకొక పాత్ర వహించి, తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. ఫలితము సందేహమైనచో పాచికలు తేల్చును. భారమంతయు కథ నడుపువానిదే. నెలల తరబడి సాగవలసిన కథ, అతడు అలసిపోయినచో నడుమనే ఆగిపోవును.

ఆ భారము తగ్గించు ఉపాయము మన ఓరుగల్లు సీమకు క్రొత్త కాదు. కాకిపడగలవారు పాండవుల కథ చెప్పునపుడు చేర్యాల నకాషీలు వ్రాసిన పటమును వ్రేలాడదీయుదురు. చింతగింజల జిగురు, సుద్దమన్ను పూసిన గుడ్డపై, ఎఱ్ఱని రంగుమీద, ఘట్టములు వరుసగా చిత్రింపబడియుండును. కథకుడు బొమ్మను చూపుచు కథ చెప్పును. తరువాతి ఘట్టమును బొమ్మయే జ్ఞాపకము చేయును.

అయితే పటములో వరుస మారదు. ఆటలో వినువారే పాత్రలు గనుక వరుస నిలువదు. కావున జరుగబోవు సంగతులను ముందే వ్రాసికొనుట వృథాశ్రమ. స్థలములను, మనుష్యులను, వారి కోరికలను వ్రాసికొనవలెను. రేగొండ మండలమందలి పాండవుల గుట్టలను తీసికొనుడు. అచ్చటి రాతిగుహలలో ప్రాచీన మానవులు వ్రాసిన బొమ్మలు కలవు. పాండవులు వనవాసమున అచ్చట తలదాచుకొనిరని జనుల నమ్మకము. ఒక గుహలో దప్పిగొన్న బాటసారి, వేఱొకదాని చెంత నీటిచెలమను కాచు ముసలవ్వ, లోయలో తప్పిపోయిన ఆలమంద: ఇంత కల్పించిన చాలును. ఆటగాండ్రు ఏ దారిని పోయినను చెప్పుటకేదో దొరకును. అవ్వ నీరీయనన్నచో బాటసారి గతి యేమి? అది తేల్చవలసినవారు ఆటగాండ్రు. ఒక్కొక్కరిని గూర్చి రెండు వాక్యములకు మించి వ్రాసికొన్నచో, కాగితములు వెదకుటలోనే ఆట చల్లబడును. నాటి ఆట ముగిసినపిమ్మట ఎవరు బ్రతికిరో, ఎవరు అలిగిరో గుర్తించుకొని, మఱునాటికి వలసినంతయే సిద్ధపఱచుకొందురు.