వీధికుక్కలో రేబిస్ ఏళ్ల తరబడి దాగి ఉంటుందా?

"వీధిలో పుట్టిన కుక్క ఒంట్లో రేబిస్ ఎప్పుడూ ఉంటుంది. టీకా వేసినా పోదు. లోపలే నిద్రపోతూ రెండు మూడేళ్లకు ఒక్కసారిగా బయటపడుతుంది." ఇలాంటి మాటలు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. విన్నవాళ్లు మాత్రం ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కల్ని తిరిగి ఇచ్చేస్తున్నారు. ఇచ్చేవాళ్లు నయం. కొందరైతే రాత్రిపూట ఊరి బయటికి తీసుకెళ్లి దించేసి వస్తున్నారు.

వ్యాధి ఉన్న జంతువు కరిస్తే దాని చొంగతో పాటు రేబిస్ వైరస్ గాయంలోకి దిగుతుంది. అక్కడి నుంచి నరాల వెంట మెదడు దాకా పాకుతుంది. దానికి కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పడుతుంది. దారిలో ఉన్నంతకాలం అది చొంగలోకి రాదు, కాబట్టి ఆ కుక్క ఎవరికీ రేబిస్ అంటించలేదు. మెదడుకు చేరాకే లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. జబ్బు లక్షణాలు పైకి కనిపించడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే చొంగలో వైరస్ మొదలవుతుంది. లక్షణాలు మొదలయ్యాక ఆ కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమని డాక్టర్లు చెప్పేది అందుకే. చొంగలో వైరస్ పెట్టుకుని ఏళ్లకేళ్లు అన్నం తింటూ, పిల్లలతో ఆడుతూ, గుమ్మం దగ్గర తోక ఊపుతూ ఉండే కుక్క ఎక్కడా ఉండదు.

నాకు కోపం తెప్పించేది ఈ అజ్ఞానం కన్నా దాని ఫలితం. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేస్తారు, ఆ తర్వాత ఏటా వేయించాలి. ఇంట్లో ఉన్న కుక్కకైతే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని వేయిస్తారు. భయపడి వీధిలో వదిలేసిన కుక్కకు వచ్చే ఏడు టీకా ఎవరు వేయిస్తారు? రేబిస్ నుంచి పిల్లల్ని కాపాడుకుంటున్నామనుకుంటూ, రేబిస్‌కు అడ్డుగోడగా ఉన్న కుక్కనే తీసేస్తున్నారు.

ఇదే పుకారును నమ్మే ఇళ్లలో కుక్క కరిస్తే గాయానికి కారం అద్దడం, పసరు పోయడం ఇంకా చూస్తున్నాం. దయచేసి ఆపండి. ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పెంపుడు కుక్క కరిచినా, టీకా వేయించిన కుక్క కరిచినా వెళ్లాల్సిందే. పది రోజులు చూసి వెళ్దామని ఆగొద్దు. సూదులు మొదలుపెట్టాలి, కుక్క బాగానే ఉంటే ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఈ టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) హైదరాబాద్ వాళ్లకు తెలియంది కాదు.

ఈ పుకారు దెబ్బ తిన్నవాటిలో నాకు తెలిసిన కుక్క చిట్టి. మూడేళ్ల ఆడకుక్క. చెవులు, మెత్తటి చూపు లాబ్రడార్‌వి, ఒళ్లు, కాళ్లు మన ఊరకుక్కవి. టీకాలన్నీ పడ్డాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మనిషి కూర్చుంటే చాలు, వచ్చి మోకాలి మీద తల పెట్టేస్తుంది. దత్తత తీసుకెళ్లినవాళ్లు వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చారు. వాళ్లు చెప్పిన కారణం ఆ "నిద్రపోయే రేబిస్" ఒక్కటే. అది ఏ తప్పూ చేయలేదు.

"కలగలుపు జాతిని నమ్మలేం, ఏం గుణం వస్తుందో చెప్పలేం" అనే మాట ఈ పుకారుకు తోడు. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం పద్దెనిమిది వేలకు పైగా కుక్కల్ని పరిశీలించింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతిని బట్టి వచ్చేది తొమ్మిది శాతం మాత్రమేనని తేల్చింది. వేలు పోసి జాతికుక్కను కొన్నా గుణానికి హామీ లేదు. ఎదురుగా ఉన్న కుక్కను చూసి ఎంచుకోవాలి.

నల్లకుక్క అరిష్టమనీ అంటారు. కాలభైరవుడి వాహనం కుక్కేనని తెలిసినవాళ్లే ఆ మాట అనడం బాధాకరం. ఆడకుక్కకు ఆపరేషన్‌కు ముందు ఒక ఈతైనా కానివ్వాలనేది నిజం కాదు. గర్భిణి ఉన్న ఇంట్లో కుక్క ఉండకూడదన్నదీ అంతే. శుభ్రత పాటించి, టీకాలు, నట్టల మందు వేయిస్తే చాలు.

ఒక్క భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. వీధికుక్కల గుంపు ప్రమాదకరం కావచ్చు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ కడుపుకోతను ఏ వాదనా తగ్గించలేదు. ప్రతి కుక్కా ప్రతి ఇంటికీ సరిపోదన్నది కూడా ఒప్పుకోవాలి. చిన్నపిల్లలంటే బెదిరే కుక్కను పసిపిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదు. అడిగారు కదా అని ఇచ్చేస్తే అది రెండు వైపులా అన్యాయం.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధికుక్కను దత్తత తీసుకోదలచినవాళ్లు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని కూడా చెప్పింది. కాబట్టి ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే అడుగు వేయండి. అందరూ కలిసి వెళ్లి, ఒకటికి రెండుసార్లు ఆ కుక్కతో గడపండి. టీకా కార్డు అడిగి తీసుకుని, తర్వాతి తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. చెవి కొస కత్తిరించి ఉంటే జబ్బనుకోకండి, ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు.

ఇంటికి తెచ్చాక మొదటి రెండు మూడు రోజులు కుక్క మంచం కింద నుంచి రాకపోవచ్చు, తిండి ముట్టకపోవచ్చు. బలవంతంగా లాగకండి. పూర్తిగా మీదయ్యేసరికి మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ మాత్రం పెట్టొద్దు, అవి దానికి విషం. పిడుదులు పట్టకుండా మందు వేయించండి. మెడ బెల్టుకు మీ ఫోన్ నంబరు తగిలించండి. దీపావళి నాడు తలుపులు వేసి ఇంట్లోనే ఉంచండి, టపాసుల మోతకు బెదిరి పారిపోయిన కుక్కలు చాలాసార్లు తిరిగి దొరకవు. ఇంత చేసినా కుదరలేదనిపిస్తే సిగ్గుపడకుండా తెచ్చిన చోటే ఫోన్ చేసి చెప్పండి. మరో ఇల్లు వెతకడానికి వాళ్లకు వ్యవధి ఇచ్చి, అంతవరకు దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.