మోటారు సైకిలు ప్రయాణంలో హామ్ రేడియో



హోసూరు నుంచి ఆరుగురు మిత్రులు ఆరు మోటారు సైకిళ్ల మీద కొల్లి కొండలకు బయలుదేరారనుకుందాం. నామక్కల్ జిల్లాలోని ఆ కొండదారికి 70 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ముందు పోతున్న కుర్రవాడు ఇరవయ్యో మలుపు తిరిగి వెనక్కి చూస్తే ఐదుగురిలో ముగ్గురే కనబడతారు. మిగిలిన ఇద్దరూ టీకి ఆగారా, టైరు పంక్చరయిందా, పడిపోయారా? సెల్‌ఫోను తీసి చూస్తే ఒక మలుపులో గీతలుంటాయి, మరో మలుపులో ఉండవు. ఎక్కినవాళ్లు మళ్లీ దిగాలి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు ఎదురుపడాలి. బరంపురం నుంచి తప్తపాణి ఘాట్ ఎక్కేవారికీ ఈ ఇబ్బంది కొత్తది కాదు.

ఇలాంటి చోట ఒకరి మాట ఒకరికి అందించుకోవడానికి మన దేశంలో చట్టం ఒప్పుకునే దారులు మూడున్నాయి. మొదటిది హెల్మెట్‌లో అమర్చుకునే బ్లూటూత్ ఇంటర్‌కమ్. దీనికి లైసెన్సు అక్కరలేదు. చేతులు ఖాళీగా ఉంటాయి, మాట స్పష్టంగా ఉంటుంది. కాని దాని పరిధి కొన్ని వందల మీటర్లు, మహా అయితే ఒక కిలోమీటరు. మధ్యలో కొండ అడ్డమొస్తే అదీ ఉండదు. రెండోది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న వాకీ టాకీ. 2018 నాటి నిబంధనలు ఈ కొద్దిపాటి జాగాను తక్కువ శక్తి గల, ప్రభుత్వ ఆమోదం పొందిన సెట్లకు లైసెన్సు లేకుండా వదిలిపెట్టాయి. మూడోది హామ్ రేడియో. దీనికి పరీక్ష రాయాలి, లైసెన్సు తీసుకోవాలి. ఈనాటి మన ప్రసంగం ముఖ్యంగా దీని గురించే.

హామ్ అంటే లాభాపేక్ష లేకుండా, విద్యగా, వినోదంగా రేడియో కేంద్రం నడుపుకునే వ్యక్తి. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హామే. వి యు 2 ఆర్ జి ఆయన పిలుపు గుర్తు. వీరికి ప్రభుత్వం ఆకాశంలో కొంత చోటు కేటాయించడం ఊరికే కాదు. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ గారి నాయకత్వాన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఒకటి పోర్ట్ బ్లెయిర్‌లో మకాం వేసింది. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లను పలకరించడం వాళ్లు పెట్టుకున్న పని. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. ద్వీపాలకు టెలిఫోన్లు తెగిపోయాయి. సరదాకు తీసుకెళ్లిన ఆ సెట్లే ఎవరు బతికున్నారో, ఎక్కడ ఏం కావాలో ప్రధాన భూభాగానికి చేరవేసిన సాధనాలయ్యాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను యానాం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను బరంపురం వారు మరిచిపోయి ఉండరు. స్తంభాలు కూలి, తీగలు తెగిన రోజున తన బ్యాటరీ, తన ఏరియల్ తానే చూసుకునే రేడియో విలువేమిటో తీరం వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక లైసెన్సు సంగతి. కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ అనే విభాగం ఉంది. డబ్ల్యు పి సి అంటారు. పరీక్ష పెట్టేదీ, లైసెన్సు ఇచ్చేదీ అదే. 12 ఏళ్లు నిండిన భారతీయులెవరైనా కూర్చోవచ్చు. డిగ్రీలతో పనిలేదు. తరగతులు రెండు: రెస్ట్రిక్టెడ్, జనరల్. రెస్ట్రిక్టెడ్ పరీక్షలో రెండు భాగాలుంటాయి. ఒకటి రేడియో సిద్ధాంతం. ఓమ్ సూత్రం, ట్రాన్సిస్టరు, మాడ్యులేషను, ఏరియల్, తరంగాలు ప్రయాణించే తీరు వంటివి అందులో వస్తాయి. రెండోది నిబంధనలు. అంటే పిలుపు గుర్తు ఎలా చెప్పాలి, ఆపద కబురు వినిపిస్తే ఏం చేయాలి, ఏవి మాట్లాడకూడదు అన్నవి. ఒక్కొక్క భాగంలో నూటికి 40, మొత్తం మీద నూటికి 50 వస్తే చాలు. జనరల్ తరగతికి ఇంకాస్త ఎక్కువ మార్కులు రావాలి, నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ కోడ్ కూడా రావాలి. రెస్ట్రిక్టెడ్ వారి గుర్తు సాధారణంగా వి యు 3తో, జనరల్ వారిది వి యు 2తో మొదలవుతుంది. మోటారు సైకిలు మీద వాడుకోవడానికి మొదటిదే సరిపోతుంది.

చదువు కంటే కష్టమైనది భాష. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదువుకున్న మన పిల్లలకు పుస్తకాలు మాత్రం ఇంగ్లీషులోనే దొరుకుతాయి. నా ఉద్దేశంలో ఇందుకు జంకవలసిన పని లేదు. హైస్కూలు భౌతిక శాస్త్రం అర్థమైన పిల్ల ఒకటి రెండు నెలలు శ్రద్ధగా కూర్చుంటే ఈ పరీక్ష గట్టెక్కుతుంది. అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పలకడం వింతగా తోస్తుంది గాని, మనం పెద్దబాలశిక్ష ముందు పెట్టుకుని అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని చదువుకోలేదా? ఇదీ అంతే. లైసెన్సు వచ్చాక గాలిలో తెలుగు మాట్లాడవచ్చు. రహస్య భాష, గుప్త సంకేతాలు మాత్రం పనికిరావు.

దరఖాస్తు ఇప్పుడు సరళ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా పెట్టుకోవాలి. పరీక్షలు వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషన్లలో జరుగుతాయి. బెంగుళూరు, చెన్నై, ముంబయి, హైదరాబాదుల్లో ఇవి ఉన్నాయి. గెలిచాక పోలీసు విచారణ ఉంటుంది కాబట్టి లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. రుసుములు, కాగితాల పద్ధతి అప్పుడప్పుడు మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసేనాటి నిబంధన చదువుకోవాలి. ప్రయాణంలో వాడుకోవడం గురించి మీ లైసెన్సులో ఏం రాసి ఉందో కూడా బయలుదేరక ముందే చూసుకోండి.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటొకటుంది. ఆన్‌లైన్ అంగడిలో నాలుగు వాకీ టాకీలు ఒక కట్టగా చవకగా కనబడతాయి. తెప్పించి తలా ఒకటి పంచుకుంటారు. ఆ సెట్లు హామ్ పౌనఃపున్యాలలోనే కాదు, పోలీసులు, అగ్నిమాపక దళం, రైల్వేలు వాడే చోట్లలో కూడా ప్రసారం చేయగలవు. లైసెన్సు లేకుండా అలాంటి సెట్టు వాడడం చట్టరీత్యా నేరం. మరొక సంగతి, ఆరుగురిలో ఒకరికి లైసెన్సు ఉంటే మిగిలిన ఐదుగురికీ చెల్లదు. డ్రైవింగ్ లైసెన్సు ఎలా ఎవరిది వారిదో ఇదీ అంతే. డబ్బు తీసుకుని యాత్రలు నడిపేవారు తమ వ్యాపారానికి హామ్ రేడియో వాడకూడదు. కనుక బృందంలో ఇద్దరే పరీక్ష రాయగలిగితే, ఒకరు అందరికంటే ముందు, ఒకరు అందరికంటే వెనక ఉండి హామ్ సెట్లు పట్టుకోవడం, మధ్యవారు ఇంటర్‌కమ్‌తో సరిపెట్టుకోవడం మంచి ఏర్పాటు.

ఈ రేడియో ఎంత దూరం పలుకుతుంది? ప్రయాణంలో ఎక్కువగా వాడేది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న రెండు మీటర్ల బ్యాండు. ఈ తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి. ఒక చిన్న లెక్క ఉంది. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే ఆ ఏరియల్‌కు దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మోటారు సైకిలు మీద ఏరియల్ ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే 5 కిలోమీటర్లు. ఎదుటివాడిది మరో 5. మొత్తం 10. ఇది కాగితం మీది లెక్క. చెట్లు, ఇళ్లు, మన ఒళ్లు అన్నీ కలిసి చదునైన దారిలో దాన్ని రెండు మూడు కిలోమీటర్లకు దించేస్తాయి. ఘాట్ రోడ్డులో పై మలుపుకూ కింది మలుపుకూ మధ్య రెండు వందల మీటర్లే ఉన్నా, నడుమ బండ ఉంటే మాట అందకపోవచ్చు.

అందుకే రిపీటరు. కొండ మీద ఉండే ఈ యంత్రం ఒక పౌనఃపున్యంలో విని, అదే క్షణంలో మరో పౌనఃపున్యంలో తిరిగి పలుకుతుంది. రెంటికీ తేడా సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. చుట్టుపక్కల నేలకంటే 900 మీటర్లు ఎత్తున రిపీటరు ఉందనుకోండి. వర్గమూలం 30, అంటే దాని చూపు 123 కిలోమీటర్లు. చేతిలో ఉన్న 5 వాట్ల సెట్టు ఒక్కసారిగా జిల్లా దాటి పలుకుతుంది. కొన్ని రిపీటర్లు తలుపు తట్టినట్టు ఒక సన్నని స్వరం కూడా పంపితేనే తెరుచుకుంటాయి. మీ దారిలో ఏ రిపీటరుంది, దాని అంకెలేమిటి, స్వరం ఏది అన్నవి దగ్గరి క్లబ్బును అడిగి ముందే సెట్టులో పెట్టుకోవాలి. కొండ మధ్యలో ఆగి మీటలు నొక్కుతూ కూర్చోవడం కుదరదు.

బండి మీద అమర్చడం ఓపికతో చేయవలసిన పని. సెట్టు చేత్తో పట్టుకుని మాట్లాడడం కుదరదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షను, నడుపుతూ చేతితో పట్టుకునే సంభాషణ పరికరం వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చింది. కనుక సెట్టు జేబులోనో సంచిలోనో ఉండాలి. నొక్కి మాట్లాడే మీట ఎడమ హ్యాండిలుకు, బొటనవేలికి అందేలా, హారనుకు అడ్డం రాకుండా కట్టాలి. మాట వినగానే దానంతటదే ప్రసారం మొదలుపెట్టే ఏర్పాటు కొన్ని సెట్లలో ఉంటుంది. బండి మీద దాన్ని ఆపేయండి. గాలి హోరును అది మాటే అనుకుంటుంది, మీ హోరుతో చానలంతా నిండిపోయి మరొకరి కేక వినబడదు. మైకును హెల్మెట్ గడ్డం భాగంలో, నురగ తొడుగు వేసి, పెదవులకు దాదాపు ఆనేటట్టు పెట్టాలి. వినేది ఒక చెవితో చాలు. రెండో చెవి రోడ్డుది.

ఏరియల్ దగ్గర కారుకున్న సౌకర్యం మోటారు సైకిలుకు లేదు. రెండు మీటర్ల బ్యాండులో పావు తరంగపు ఏరియల్ అర మీటరు పొడవుంటుంది. దాని కింద ఇనప రేకు పరుపులా ఉండాలి. కారుకు పైకప్పు ఉంది, బండికి వెనకనున్న క్యారియరు మాత్రమే ఉంది. అందుకని సుమారు మీటరు పొడవుండే సగం తరంగపు ఏరియల్‌ను క్యారియరుకు బిగించడం మేలు. దానికి ఆ రేకుతో అంతగా పనిలేదు. నడుముకు తగిలించిన సెట్టు మీది రబ్బరు కడ్డీ అయితే శక్తిలో మంచి భాగం మన శరీరంలోనే ఇంకిపోతుంది.

ఇంజను నుంచి టకటకమని వచ్చే రొద స్పార్క్ ప్లగ్గుది. హామ్‌లు ఈ బ్యాండులో ఎక్కువగా ఎఫ్ ఎం వాడతారు కాబట్టి అది కొంత అణుగుతుంది. రెసిస్టరు ఉన్న ప్లగ్గు వేస్తే ఇంకా తగ్గుతుంది. కార్లలో పెట్టే 50 వాట్ల సెట్టు పలికేటప్పుడు 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 100 సిసి, 150 సిసి బండ్లు హెడ్‌లైటు వెలిగిస్తూ అంత ఇవ్వలేవు. చేతి సెట్టును దాని బ్యాటరీతోనే నడిపి, మరొక బ్యాటరీ సంచిలో వేసుకోవడమే తెలివి. బండి బ్యాటరీ నుంచి తీగ తీస్తే బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. అదురుకు బిగింపులు వదులవుతాయి గనుక ఆగిన ప్రతిచోటా ఒకసారి చేత్తో చూడండి.

మాట పొదుపుగా ఉండాలి. మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. “వి యు 3” అంటూ మీ గుర్తు చెప్పి, “ఎడమ పక్క ఇసుక ఉంది”, “ఎదురుగా బస్సు దిగుతోంది” అంటే చాలు. ఒక్క మాట మాత్రం ఎన్నడూ అనకండి: “దారి ఖాళీగా ఉంది, రండి” అని. ముందువాడు చూసినప్పుడు ఖాళీయే. ఆ మాట నమ్మి వెనకవాడు లారీని దాటబోయేసరికి పది క్షణాలు గడుస్తాయి. ఆ పది క్షణాల్లో మలుపు చాటునుంచి ఏం రాదని ఎవరు పూచీ? ప్రమాదం ఉంటే చెప్పండి. లేదని చెప్పే అధికారం రేడియోకు లేదు. అంతకంటే పెద్ద మాట ఉంటే బండి పక్కకు తీసి, ఆపి మాట్లాడండి.

ఎవరైనా పడితే మిగతా సంభాషణలన్నీ ఆపేయాలి. చూసినవాడు నాలుగు సంగతులు చెప్పాలి: ఎక్కడ, ఎందరు, స్పృహ ఉందా, రక్తం పోతోందా. ఎక్కడ అన్నదానికి కిలోమీటరు రాయి మీది అంకె, ఘాట్‌లో అయితే మలుపు దగ్గరి బోర్డు మీది సంఖ్య చెప్పాలి. “పెద్ద మర్రిచెట్టు దాటాక” అంటే అంబులెన్సువారికి ఉపయోగం లేదు. ఫోను అందే చోట ఉన్నవాడు ఆ మాటల్నే యథాతథంగా 108కో 112కో చెప్పి, వారిచ్చిన జవాబును తిరిగి రేడియోలో వినిపించాలి. ఎవరూ దొరకకపోతే రిపీటరు మీద పిలవండి. ఊళ్లో ఇంట్లో కూర్చున్న ఏ హామో విని ఫోను చేస్తాడు.

కొత్త సెట్టుతో నేరుగా కొండలెక్కకండి. ఒక ఆదివారం ఉదయం ఇద్దరు ఊరి బస్టాండు నుంచి ఎదురెదురు దిక్కులకు బయలుదేరి, ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా బండి ఆపి పలకరించుకోవాలి. ఎక్కడ మాట గరగరలాడింది, ఎక్కడ తెగింది, రిపీటరు ఏ వంతెన దగ్గర మళ్లీ అందింది అన్నది పుస్తకంలో రాసుకోవాలి. నడుముకున్న రబ్బరు కడ్డీతో ఒకసారి, క్యారియరు మీది ఏరియల్‌తో ఒకసారి చేసి చూస్తే రెంటికీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.